క్యాన్సర్ పాకకుండా టీకా వచ్చిందట, అమ్మకు వేయించవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. నిరుడు ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. చంకలో రెండు గ్రంథులకు కూడా పాకిందన్నారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకోవాలి, కానీ కీళ్లనొప్పులంటూ మధ్యమధ్యలో మానేస్తోంది. క్యాన్సర్ వేరేచోటికి పాకకుండా టీకా వచ్చిందని ఫోన్‌లో వీడియో చూశాం. లక్షల్లో అవుతుందని, తామే వేయిస్తామని తెలిసినవాళ్లు అంటున్నారు. ఊళ్లో ఉన్న ఎకరం అమ్మైనా వేయిద్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సలహా: ముందుగా, పొలం అమ్మకండి. రొమ్ము క్యాన్సర్ పాకకుండా ఆపుతుందని రుజువై, అనుమతి పొందిన టీకా ఇంకా రాలేదు.

అలాగని వీడియోలో చెప్పినదంతా అబద్ధమూ కాదు. వరి మడిలో ఊద మొక్క చూడ్డానికి అచ్చం వరిలాగే ఉంటుంది, అలవాటు లేనివాళ్లు పీకకుండా వదిలేస్తారు. క్యాన్సర్ కణం కూడా మన ఒంట్లో పుట్టినదే కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాన్ని చూసీ వదిలేస్తుంది. ఆపరేషన్‌లో తీసిన గడ్డ జన్యువులను చదివి, అందులో తేడాగా ఉన్న ప్రొటీన్లను గుర్తించి, ఆ ఒక్క రోగి కోసమే టీకా తయారు చేస్తున్నారు. మోడెర్నా, మెర్క్ కంపెనీలు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో 157 మందిపై దీన్ని పరీక్షించాయి. ఇమ్యునోథెరపీ (రోగనిరోధక వ్యవస్థను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) ఒక్కటే తీసుకున్నవారితో పోలిస్తే, టీకా కూడా తీసుకున్నవారిలో మూడేళ్ల నాటికి వ్యాధి తిరగబెట్టడం లేదా మరణం ముప్పు 49 శాతం తగ్గింది. ఈ ఫలితం నాకు నిజంగా ఆశ కలిగించింది. పెద్ద ట్రయల్ 2023లో మొదలైంది. అయితే మెలనోమాలో జన్యు మార్పులు ఎక్కువ, అందుకే గుర్తుపట్టడం తేలిక. లెట్రోజోల్ ఇచ్చే రకం రొమ్ము క్యాన్సర్‌లో అవి తక్కువ. అక్కడ పనిచేసింది ఇక్కడా పనిచేస్తుందని ఇప్పుడే అనలేం.

నన్ను కంగారు పెట్టింది టీకా సంగతి కాదు, మాత్ర మానేస్తున్నారన్న మాట. ఆపరేషన్ తర్వాత కూడా కంటికి కనపడని కణాలు ఎముకల్లోనో, కాలేయంలోనో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉండవచ్చు. వాటికి హార్మోన్ అందకుండా చేసేది ఈ మాత్రే. ఇదే పని చేసే పాత మందు టామాక్సిఫెన్‌ను ఐదేళ్లు వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. నెలసరి ఆగిన స్త్రీలలో లెట్రోజోల్ రకం మందులు అంతకంటే కాస్త మెరుగు. అమ్మగారి నొప్పులు నిజమైనవే, ఓర్చుకోమని ఆవిడకు చెప్పకండి. రోజూ నడక, కొద్దిపాటి వ్యాయామం చాలామందికి ఉపశమనం ఇస్తాయి. విటమిన్ డి పరీక్ష చేయించండి, ఎముకల సాంద్రత తెలిపే డెక్సా స్కాన్ చేయించండి. అయినా తగ్గకపోతే ఇదే కోవలోని వేరే మందుకు మార్చవచ్చు. ఆ నిర్ణయం మీ ఆంకాలజిస్టుది. సొంతంగా మాత్రం ఆపొద్దు.

పాకకుండా ఆపే ఇంజెక్షనే కావాలంటే, జోలెడ్రోనిక్ యాసిడ్ గురించి అడగండి. నెలసరి ఆగినవారికి ఆరు నెలలకోసారి ఇస్తే ఎముకలకు పాకే ముప్పు కొంత తగ్గుతుందని పెద్ద అధ్యయనాల్లో తేలింది. కిడ్నీ పరీక్ష, పళ్ల డాక్టర్ చెకప్ ముందే అయిపోవాలి.

ఇక టీకా వేయిస్తామన్నవాళ్లను ఒక్కటే అడగండి: ఇది ట్రయలా? అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు నంబరు ఉండాలి, పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నంబరు చెప్పకుండా లక్షలు అడిగితే ఇక మాట్లాడాల్సిన పని లేదు. రెండో అభిప్రాయం కావాలనుకుంటే బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ రిపోర్టు, కీమో వివరాలున్న ఫైలు తీసుకుని గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌కో, మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్లండి. నడుంనొప్పి రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా తర్వాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకండి.