కంప్యూటర్ నెమ్మదిస్తే వెంటనే ఫార్మాట్ చేయించాలా?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటున్నామని, విండోస్ 10 ఉన్న పాత కంప్యూటర్ మొరాయిస్తుంటే తెలిసినవాళ్లు ఫార్మాట్ (డిస్కులో ఉన్నదంతా చెరిపి విండోస్ మళ్లీ వేయడం) చేయించమంటున్నారని రాశారు. అప్పుడే వద్దు.

విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ పని ప్రాసెసర్ సమయాన్ని, ర్యామ్‌ను (తాత్కాలిక మెమరీని), డిస్కును ప్రోగ్రాములన్నిటికీ పంచడం. పంక్తిలో జనం ఎక్కువైతే వడ్డన ఆలస్యమవుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ జాబితాకు (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే ప్రోగ్రాములు) వెళ్లి అక్కర్లేనివి డిజేబుల్ చేయండి. యాంటీవైరస్ జోలికి మాత్రం పోవద్దు. పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం చూపిస్తూ, అది తిరిగే పాత హార్డ్‌డిస్క్ అయితే, ఫార్మాట్‌కు పెట్టే డబ్బు ఎస్ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్కుకు) పెట్టడం మేలు.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నామంటారు చాలామంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ తన స్థితిని డిస్కులో దాచుకుని మళ్లీ అదే తెరుస్తుంది. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్టే కొట్టాలి.

సెట్టింగ్స్‌లోని స్టోరేజ్‌లో తాత్కాలిక ఫైళ్లు తీసేయవచ్చు. అక్కడ డౌన్‌లోడ్స్ పక్కన టిక్ ఉందేమో చూసుకోండి, ఉంటే మీ ఫైళ్లూ పోతాయి!

సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ లోహానికి తుప్పు పట్టిస్తాయి. సీపీయూను కిటికీకి దూరంగా పెట్టండి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (కంప్యూటర్‌లోని భద్రతా చిప్), కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. ఏది మార్చినా, ముందు ఫొటోలు, పత్రాలు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి.