సూటు వేసుకుని షాపులోనే పడుకుని చూడండి

పోయిన నెల స్ట్రీట్ లూజ్ గురించి నాలుగు లైన్లు రాశానో లేదో ఉత్తరాలు మొదలయ్యాయి, అన్నీ గేర్ గురించే. తెలియని వాళ్ళకి ఒక్క ముక్క. చక్రాల పలక మీద కాళ్ళు ముందుకి పెట్టి వెల్లకిలా పడుకుని కొండ రోడ్డు దిగడం, అంతే. ఇంజిన్ లేదు, బ్రేకు లేదు, ఆపాలంటే మన కాళ్ళే. 1970ల్లో కాలిఫోర్నియాలో సిగ్నల్ హిల్ దగ్గర స్కేట్‌బోర్డు వాళ్ళు నిలబడటం మానేసి పడుకుంటే స్పీడు ఎక్కువొస్తుందని కనిపెట్టారు, 1995లో ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల దాకా వెళ్ళింది. ఇప్పుడు గట్టి రేసర్లు గంటకి వంద కిలోమీటర్లు ఈజీగా దాటేస్తారు, వీపుకీ రోడ్డుకీ మధ్య జానెడు కూడా ఉండదు.

అన్నా, నేను కెనడాలో కెలోనాలో చదువుకుంటున్నా. ఇక్కడ ఫ్రెండ్స్‌తో లూజ్ నేర్చుకుంటున్నా. సెకండ్‌హ్యాండ్‌లో ఒక బైక్ రేసింగ్ లెదర్ సూట్ చాలా చీప్‌గా వస్తోంది, తీసుకోనా?

తీసుకోవచ్చు తమ్ముడూ, కానీ ముందు అది వేసుకుని నేల మీద పడుకో. సీరియస్‌గానే చెప్తున్నా. అమ్మేవాడు నవ్వితే నవ్వనీ. బైక్ సూటు కుట్టేది ముందుకి వంగి కూర్చునే మనిషికి, మోకాళ్ళు మడిచి చేతులు చాపినప్పుడే అది సరిగ్గా ఉంటుంది. నువ్వేమో తిన్నగా పడుకుని చేతులు పక్కన పెట్టుకుంటావు, అప్పుడు భుజాల దగ్గరా గజ్జల దగ్గరా పట్టేసి ఊపిరాడదు. ఇంకోటి, రేసింగ్ సూట్లకి మెడ కింద వీపు మీద ఒక గూని ఉంటుంది చూశావా, అది బైకు మీద గాలికి పనికొస్తుంది, నీకు మాత్రం దిండు కింద ఇటుక పెట్టినట్టే. నా మొదటి సూటు ఇలాగే కొన్నా, అద్దంలో చూసుకుంటే పెద్ద రేసర్‌లా ఉన్నా, కొండ మీదకెళ్ళి పడుకున్నాక గానీ తెలీలేదు ఆ గూని వల్ల భుజాలు పలకకి ఆనట్లేదని, రెండో మలుపుకే మెడ పట్టేసింది. సగం రేటుకి అమ్మేసుకున్నా. గూని విప్పి మళ్ళీ కుట్టించుకునేలా ఉంటే తీసుకో, లేకపోతే వద్దు.

జాకెట్ వేరు ప్యాంటు వేరు అయితే అస్సలు వద్దు. ఎందుకంటే పడ్డాక కూడా నువ్వు ఎక్కువగా కాళ్ళు ముందుకే జారతావు, అంటే రోడ్డు నీ బట్టల్ని కాళ్ళ వైపు నుంచి తల వైపుకి లాగుతుంది. జాకెట్ అంచు చంకల దాకా పోతుంది, ఇక నడుము తారుకి అప్పగించినట్టే. వన్ పీస్ ఉండాలి, లేదా కనీసం నడుము చుట్టూ మొత్తం జిప్పుతో రెండూ కలిసిపోవాలి. ప్యాంటు అంచులు బూటు లోపలికి, చేతుల అంచులు గ్లవ్స్ లోపలికి. తోలు 1.2 మిల్లీమీటర్ల కన్నా పల్చగా ఉంటే ఫ్యాషన్ జాకెట్ అనుకుని పక్కన పెట్టెయ్. కుట్లు కూడా చూడు, తోలు బాగానే ఉండి దారం తెగితే సూటు అరటితొక్కలా విచ్చుకుంటుంది. మోచేతి బయటి వైపు రెండు పొరలు ఉంటే మంచిది, మలుపుల్లో ఒరిగినప్పుడు ముందు గీసుకునేది అదే.

సూటు లోపల వెన్నుకి పెట్టుకునే బ్యాక్ ప్రొటెక్టర్ మీద ఈఎన్ 1621-2 అని, అంటే యూరప్ వాళ్ళ ప్రమాణం నంబరు, ఉండాలి, పక్కన లెవెల్ 2 అని ఉంటే ఇంకా మేలు. టెస్టులో దెబ్బ కొట్టినప్పుడు లెవెల్ 1 అయితే సగటున 18 కిలోన్యూటన్ల బలం దాకా లోపలికి వెళ్ళొచ్చు, లెవెల్ 2కి 9 మాత్రమే, అంటే సగం. కాకపోతే తాబేలు డిప్పలాంటి గట్టివి వద్దు, పలక మీద ఊగిసలాడతావు. వంగేది, పల్చనిది చూడు. అదీ పడుకునే చూడు.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడండీ. రోడ్డు మీద పడుకుని జారే బండి వీడియో పంపాడు, చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. హెల్మెట్ ఉందిలే అమ్మా అంటాడు. హెల్మెట్ ఒక్కటి సరిపోతుందా? - నరసరావుపేట నుంచి ఒక తల్లి

సరిపోదమ్మా. మీరు భయపడటంలో తప్పేం లేదు, వాడికి ఫోన్ చేసి నేను చెప్పే రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, గడ్డం కూడా కవరయ్యే ఫుల్ ఫేసేనా? సైకిల్ వాళ్ళ సగం హెల్మెట్ అయితే ఆ బండి ఎక్కొద్దని చెప్పండి. రెండు, అది పెట్టుకుని పడుకుంటే వాడి బొటనవేళ్ళు వాడికి కనిపిస్తున్నాయా? వింతగా ఉందని అనుకోకండి, పడుకున్న మనిషి రోడ్డు చూడాలంటే ఛాతీ మీదుగా పాదాల మధ్యలోంచి చూడాలి, కొన్ని హెల్మెట్లకి గడ్డం దగ్గర భాగం మరీ ఎత్తుగా ఉండి సరిగ్గా అక్కడే అడ్డం వస్తుంది, అప్పుడు వీళ్ళు తల ఇంకా పైకెత్తి మెడ నొప్పులు తెచ్చుకుంటారు. బరువు కూడా చూసుకోమనండి, తలని దించకుండా పట్టుకోవాల్సింది మెడే కదా, ఒక పావు కిలో తేడా కూడా కొండ కింద దాకా వచ్చేసరికి తెలుస్తుంది. ఒక్కసారి గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపల థర్మోకోల్ లాంటి పొర నలిగిపోయి ఉంటుంది, దాన్ని మళ్ళీ పెట్టుకోకూడదు. పుట్టినరోజుకి డబ్బులు పంపే అలవాటుంటే ఈసారి కొత్త హెల్మెట్‌కని పంపండి.

రోడ్డు మూసి, మలుపుల్లో గడ్డి మోపులు పేర్చి పెట్టిన చోటే తొక్కుతున్నాడా అని కూడా అడగండి. అసలు ముందు అడగాల్సింది ఇదే, మర్చిపోయా.

బ్రో, నాది వైజాగ్. అనంతగిరి ఘాట్‌లో తెల్లవారుజామున ట్రై చేద్దామనుకుంటున్నాం. స్పోర్ట్స్ షూస్ ఓకేనా?

ఘాట్ వద్దు. ఎదురుగా అరకు బస్సు వస్తే నువ్వు దాని బంపర్ కంటే కింద ఉంటావు, డ్రైవర్‌కి కనిపించను కూడా కనిపించవు. ఏ సూటూ దానికి పనికిరాదు. ట్రాఫిక్ రాని, గేటున్న ప్రైవేట్ రోడ్డు, కొద్దిపాటి వాలు, ఓనర్ పర్మిషన్, అలా మొదలెట్టు.

షూస్ సంగతి చెప్తా, అది మంచి ప్రశ్న. మామూలు స్పోర్ట్స్ షూ అడుగు నురగలాంటిది, రెండు మూడు బ్రేకులకే కరిగి సాక్స్ కనిపిస్తాయి. స్పీడు రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు, ఆ వేడంతా నీ అరికాలి కిందే పుడుతుంది. అందుకే లూజ్ రేసర్లు చీలమండ దాటి పైకొచ్చే గట్టి షూ తీసుకుని దాని అడుగున టైరు రబ్బరు అంటిస్తారు. మన తాతల టైరు చెప్పులు గుర్తొచ్చాయా, అదే టెక్నిక్! రీట్రెడింగ్ షాపులో రబ్బరు ముక్క అడుగు, పాత కారు టైరు కోస్తే లోపల ఇనుప తీగ ఉంటుంది, అది తేలితే నిప్పురవ్వలు తప్ప బ్రేకు పడదు. రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి అంటించి, ఒక రాత్రి బరువు పెట్టి వదిలెయ్. తొందరపడితే కొండ మధ్యలో ఊడొస్తుంది. బ్రేకు వేసేటప్పుడు మడమ ఒక్కటే పొడవకుండా పాదం మొత్తం ఆనించు, రెండు కాళ్ళూ ఒకేసారి. లేసులు లోపలికి దోపి పైన టేపు చుట్టు, చక్రంలో పడితే అంతే సంగతులు.

గ్లవ్స్ క్రికెట్ కీపింగ్‌వి వాడొచ్చా?

వద్దు బాబూ. స్టార్టింగ్‌లో రెండు చేతులతో రోడ్డుని వెనక్కి తోస్తూ స్పీడు తెచ్చుకోవాలి, అరచేయి, వేళ్ళ కొసలు గట్టి తోలుతో ఉండి మణికట్టు దగ్గర బిగించే పట్టీ ఉండాలి. బైక్ రేసింగ్ గ్లవ్స్ తీసుకుని అరచేతికి ఇంకో తోలు ముక్క కుట్టించుకో, చెప్పులు కుట్టే ఆయన పది నిమిషాల్లో చేసిస్తాడు.