ఆయన ఒప్పుకునేదాకా ఆగకండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. మావారు బయట ఎంతో మర్యాదస్తులు. ఇంట్లో మాత్రం నా చదువు, వంట, పుట్టిల్లు అన్నీ ఆయనకు ఎగతాళే. నా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది. అన్న మాట గుర్తుచేస్తే ‘నేనెప్పుడన్నాను, నీకు మతి పోయింది’ అంటారు. విజయవాడలోని పుట్టింటికి వెళ్లిపోతే పూలతో వచ్చి బతిమాలి తీసుకొస్తారు. తానే గొప్పనుకుంటూ ఎదుటివారి బాధ పట్టని స్వభావాన్ని నార్సిసిజం అంటారట, ఇది అదేనా? తన తప్పును ఆయనచేత ఎలా ఒప్పించాలి?

జవాబు: మీరు రాసినవి ఆ లక్షణాలకు దగ్గరగానే ఉన్నా, మనిషిని చూడకుండా ఆ పేరు పెట్టడం నాకు తగదు. మానసిక వైద్యులు సైతం తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదైనా ఏళ్ల తరబడి కనిపిస్తేనే దానిని వ్యక్తిత్వ రుగ్మతగా నిర్ధారిస్తారు. అయితే మీకు జరుగుతున్నది అన్యాయమని చెప్పడానికి ఆ నిర్ధారణ అవసరం లేదు.

నన్ను కలవరపెట్టింది మీ చివరి ప్రశ్న. తప్పు ఒప్పుకుంటే తాను తక్కువైపోతానని భయపడే మనిషితో ఎంత వాదించినా, ఆ వాదన చివరకు మీ మతి మీదికే మళ్లుతుంది. ఇన్నేళ్లుగా జరుగుతున్నదీ అదే. ఆయన ఒప్పుకోలు కోసం ఎదురుచూడడమే మీరు ముందుగా వదులుకోవలసినది. జరిగినవాటిని తేదీలతో రాసి మీ అమ్మగారింట్లో దాచుకోండి. ఆయనకు చూపడానికి కాదు, మీ జ్ఞాపకం మీద మీకు నమ్మకం నిలవడానికి.

అవమానాల నడుమ ఎప్పుడో ఒకసారి దొరికే ఆదరణ, రోజూ దొరికేదానికన్నా గట్టిగా మనిషిని కట్టిపడేస్తుంది కాబట్టి, మీరు తిరిగి వెళ్లడం బలహీనత కాదు. కానీ ఈసారి పూలను కాక ఆ తర్వాతి నెలను చూడండి: కార్డు మీ చేతికి వచ్చిందా, ఎగతాళి ఆగిందా?

పెద్దమనుషుల్లో పెడదామని మీవాళ్లు అనవచ్చు. వారికి తెలిసింది ఆయన బయటి మర్యాదే గనుక ‘సర్దుకుపో’ అన్న మాటే వినిపించే అవకాశం ఎక్కువ. ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లడం కూడా ఇప్పుడే వద్దు. అక్కడ మీరు చెప్పినది ఇంటికి వచ్చాక మీ మీదికే రావచ్చు. ముందు మీరొక్కరే వెళ్లండి. నిద్ర పట్టని రాత్రి 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు.

2005 నాటి గృహహింస చట్టం మాటలతో అవమానించడాన్నీ, సంపాదన లాగేసుకోవడాన్నీ హింసగానే గుర్తిస్తుంది. ఆ ఇంట్లో ఉండే హక్కునూ ఇస్తుంది. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఏర్పాటు చేస్తుంది. సలహాకు మహిళా హెల్ప్‌లైన్ 181కు, ప్రమాదమనిపిస్తే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి.

విడాకులా, కాదా అన్నది ఇవాళే తేల్చనక్కర్లేదు. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, సర్టిఫికెట్లు పుట్టింటికి చేర్చి, ఆ తర్వాతే జీతం ఆ ఖాతాకు మార్పించుకోండి. అది తెలిసిన రోజు ఆయన కోపం ఎంత దూరం పోతుందో ఊహించలేం కాబట్టి, ఆ రోజు మీ తల్లిదండ్రుల దగ్గరే ఉండండి.