యార్డు మాస్టరు చేస్తున్న క్లర్కు పనిపై క్లెయిమ్ వేయవచ్చా?

అమెరికాలో ఒక సరుకు రవాణా రైల్వేలో క్లర్కుగా చేరిన మీరు, రాత్రి షిఫ్టు క్లర్కు ఉద్యోగం రద్దయ్యాక స్విచ్ లిస్టులను (ఏ వ్యాగన్‌ను ఏ లైనులోకి మార్చాలో చెప్పే జాబితాలను) యార్డులో పనిని పర్యవేక్షించే యార్డు మాస్టరే తీసుకుంటున్నారనీ, దానిపై క్లెయిమ్ (ఒప్పందాన్ని ఉల్లంఘించారంటూ రైల్వే నుంచి డబ్బు కోరే లిఖిత ఫిర్యాదు) వేయాలని యూనియన్ వారు పట్టుబడుతున్నారనీ రాశారు. పది నిమిషాల పని కోసం తోటి ఉద్యోగితో తగవు అవసరమా అని అడిగారు. నేను మిడ్‌వెస్ట్‌లో అలాంటి యార్డు ఆఫీసులోనే క్లర్కుగా పనిచేశాను. ఆ తరువాత మా లోకల్ (యూనియన్ స్థానిక శాఖ) తరఫున ఈ తరహా క్లెయిములు రాసే బాధ్యత కూడా చూశాను. క్లెయిమ్ వేయవచ్చు, వేయాలి కూడా అన్నది నా అభిప్రాయం. అయితే ఆ పని చేయగల సామర్థ్యం ఎవరికి ఉందన్న దానిమీద గెలుపోటములు తేలవు. రైల్వేతో మీ యూనియన్ ఒప్పందంలోని స్కోప్ రూల్ (పరిధిని చెప్పే నియమం) ఏమంటోంది, ఆ పనిని ఇన్నేళ్లుగా ఎవరు చేస్తూ వచ్చారు అన్న రెండు విషయాల మీదే తేలుతాయి.

ఇక్కడి రైల్వేల్లో ఒక్కొక్క వృత్తికి వేరే ఒప్పందం ఉంటుంది. అది ఎవరికి వర్తిస్తుందో మొదట్లోనే స్కోప్ రూల్ చెబుతుంది. కొన్ని ఒప్పందాల్లో ఆ రూల్ కేవలం ఉద్యోగాల పేర్లు చెప్పి ఊరుకుంటుంది. అటువంటి సాధారణ రూల్ కింద వాదించేటప్పుడు, ఆ పనిని ఆ రైల్వే అంతటా ఆనవాయితీగా తమ సభ్యులే చేస్తూ వచ్చారనీ, వేరెవరూ చేయలేదనీ యూనియనే నిరూపించాల్సి వస్తుంది. మరికొన్ని ఒప్పందాల్లో ఉద్యోగాలతో పాటు ఆ ఉద్యోగులు చేసే పని కూడా పరిధిలోకి వస్తుంది, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప దానిని బయటివారికి అప్పగించకూడదని స్పష్టంగా రాసి ఉంటుంది. మా రైల్వే కొన్ని పాత కంపెనీలు కలవగా ఏర్పడినది కావడంతో రెండు రకాల ఒప్పందాలూ ఒకే కప్పు కింద ఉండేవి. స్విచ్ లిస్టుల విషయమై రెండు యార్డుల నుంచి దాదాపు ఒకే మాటలతో క్లెయిములు వెళ్లాయి. పనిని కూడా రక్షించే ఒప్పందమున్న చోట గెలిచాం. రెండో చోట, దూరంగా ఉన్న మరో స్టేషన్‌లో ఏళ్ల తరబడి ఇతర ఉద్యోగులు లిస్టులు తయారు చేస్తున్నారని యాజమాన్యం వాంగ్మూలాలు చూపించింది, మా క్లెయిమ్‌ను కొట్టివేశారు. అందువల్ల మీరు ముందుగా చదవవలసినది స్కోప్ రూల్, అదీ అక్షరం వదలకుండా.

ఈ తగవు మీ యార్డులో పుట్టినది కాదు. క్లర్కుల సంఘం 1899లో మిస్సోరీ రాష్ట్రంలోని సెడేలియాలో మొదలైంది. టెలిగ్రాఫర్ల సంఘం అంతకుముందే, 1886లో, అయోవాలోని సీడార్ రాపిడ్స్‌లో ఏర్పడింది. చిన్న స్టేషన్లలో ఒక్క టెలిగ్రాఫరే రైలు ఆర్డర్లు అందుకుంటూ, టిక్కెట్లు అమ్ముతూ, వేబిల్లులు (రవాణా అయ్యే సరుకు వివరాల పత్రాలు) కూడా రాసేవాడు. పెద్ద స్టేషన్లలో ఆ రాతపని క్లర్కులది. పని పెరిగితే క్లర్కును పెట్టడం, తగ్గితే ఆ రాతపని తిరిగి టెలిగ్రాఫరు బల్ల మీదికి చేరడం మామూలుగా జరిగేది. తన అసలు పని మధ్య మిగిలిన సమయాన్ని నింపుకోవడానికి టెలిగ్రాఫరు క్లర్కు పని చేయవచ్చునన్న సూత్రాన్ని మధ్యవర్తుల తీర్పులు కూడా అంగీకరించాయి. ఎక్కడ ఆగాలన్నదే చిక్కు. న్యూయార్క్ రాష్ట్రం ఎల్మైరా యార్డులో కొన్ని ఉద్యోగాలు ఏ సంఘానివన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇటువంటి వివాదాలు రాష్ట్ర కోర్టులు తేల్చవలసినవి కావనీ, రైల్వే లేబర్ యాక్ట్‌కు 1934లో చేసిన సవరణతో ఏర్పడిన, ఒప్పందాల మీది తగవులు తీర్చే నేషనల్ రైల్‌రోడ్ అడ్జస్ట్‌మెంట్ బోర్డు ఎదుటికే వెళ్లాలనీ 1950లో ఆ కోర్టు తేల్చింది.

మీ ప్రశ్నకు ఇంకా దగ్గరగా ఉన్నది 1966 నాటి యూనియన్ పసిఫిక్ కేసు. ఆఫీసులో ఐబీఎం యంత్రాలు వచ్చాక కొన్ని ఉద్యోగాలను రైల్వే క్లర్కులకు ఇచ్చింది, అవి తమవని టెలిగ్రాఫర్లు బోర్డుకెక్కారు. నోటీసు అందినా క్లర్కుల సంఘం విచారణలో పాల్గొనలేదు. బోర్డు టెలిగ్రాఫర్ల ఒప్పందాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పింది. అలా కుదరదనీ, రెండు ఒప్పందాలనూ వాడుకనూ కలిపి చూసి మొత్తం వివాదాన్ని ఒకే విచారణలో తేల్చాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు నాకు ఎంతో న్యాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒకే పని మీద ఇద్దరికి హక్కు రాసి ఇచ్చినది యాజమాన్యమే అయినప్పుడు, ఆ ఇద్దరినీ విడివిడిగా విని ఒకరి కూడు తీసి మరొకరికి పెట్టడం సమస్యను పరిష్కరించదు. ఆ రెండు సంఘాలూ 1969లో ఒకటయ్యాయి, కానీ ఒప్పందాలు ఒక్కరోజులో ఒకటి కాలేదు.

ఇప్పుడు పది నిమిషాల మాట. యాజమాన్యం తప్పకుండా ఈ వాదన తెస్తుంది, పని మరీ స్వల్పమని భావించి క్లెయిమ్‌ను తోసిపుచ్చే రిఫరీలూ (బోర్డులో తీర్పు చెప్పే తటస్థ మధ్యవర్తులు) ఉన్నారు. మా యార్డులో రాత్రి ఉద్యోగం పోయిన తీరు చూసినవాడిగా నేను ఆ వాదనను ఒప్పుకోలేను. సిబ్బందిని డ్యూటీకి పిలిచే పని దూరాన ఉన్న కేంద్ర కార్యాలయానికి వెళ్లింది, లిస్టులు యార్డు మాస్టరుకు, వ్యాగన్లు ఎక్కడ వదిలారో నమోదు చేసే పని కండక్టరుకు వెళ్లాయి. ఏ ముక్కకు ఆ ముక్క పది నిమిషాలే, కానీ అన్నీ కలిపితే ఎనిమిది గంటల ఉద్యోగం, దానిపై బతికిన ఒక కుటుంబం. అది పోయాక సీనియారిటీ తక్కువ ఉన్న మనిషి ఇల్లు వదిలి మరో ఊరికి మారవలసి వచ్చింది.

అన్ని ముక్కల మీదా క్లెయిమ్ నిలుస్తుందని మాత్రం అనుకోకండి. కండక్టరు తన చేతిలోని పరికరంలో వివరాలు నేరుగా నమోదు చేస్తే, అది పని బదిలీ కాదనీ, సాంకేతిక మార్పు వల్ల మధ్యలో ఉన్న ఒక దశే లేకుండా పోయిందనీ బోర్డు చాలాసార్లు చెప్పింది. క్లర్కు రాసేది మళ్లీ ఎవరో రాస్తుంటే అది వేరే సంగతి. మీ యార్డు మాస్టరు కేవలం తన పనికి కావలసిన సమాచారాన్ని తెర మీద చూసుకుంటున్నారా, లేక క్లర్కు చేసినట్టే వ్యాగన్ల వరుస సరిచూసి లిస్టు తయారు చేసి సిబ్బందికి ఇస్తున్నారా అన్నది తేల్చుకోండి. రెండోది అయితే మీ వాదనకు బలం ఉంది.

రుజువుల విషయంలో చాలా పట్టుదలగా ఉండండి. తేదీ, సమయం, లిస్టు నకలు, తయారు చేసినవారి హోదా, ఆ సమయంలో పిలిస్తే రాగల క్లర్కు ఎవరు, పాత ఉద్యోగ ప్రకటనలో విధులుగా ఏమేమి రాశారు, అంతకుముందు అదే పని చేసిన సీనియర్లు సంతకం చేసిన వాంగ్మూలాలు, ఇవన్నీ రైల్వేతో జరిగే ఉత్తరప్రత్యుత్తరాల్లోనే చేరాలి. అక్కడ ఎత్తని వాదనను, పెట్టని కాగితాన్ని షికాగోలోని బోర్డు పరిగణించదు. ఇది ఒప్పందానికి అర్థం చెప్పే వివాదం కాబట్టి దీని కోసం సమ్మె చేయడం కూడా కుదరదు, 1957లోనే సుప్రీంకోర్టు ఆ దారి మూసింది. అందుకే కాగితమే మన బలం.

యార్డు మాస్టరు గురించి మీరు పడుతున్న మొహమాటం నాకు అర్థమవుతుంది. క్లెయిమ్ ఆయన మీద కాదు, పనిని అలా పంచిన రైల్వే మీద. మా యార్డు మాస్టరుతో నేను ఆ మాటే చెప్పాను: "మీ మీద ఫిర్యాదు కాదండీ, మీకు ఈ పని ఎవరు అప్పగించారో అది మాత్రం రాస్తాను." ఆయనకూ అది అదనపు భారమే కాబట్టి, పై అధికారి ఇచ్చిన ఆదేశం నకలు స్వయంగా తెచ్చి ఇచ్చారు.

ఇక గడువు. 1954 జాతీయ ఒప్పందంలోని నియమం ప్రకారం ఘటన జరిగిన 60 రోజుల్లోగా క్లెయిమ్ లిఖితపూర్వకంగా వేయాలి. యాజమాన్యం 60 రోజుల్లోగా కారణాలు చెప్పి తిరస్కరించకపోతే, అది వేసినది వేసినట్టుగా చెల్లించవలసి వస్తుంది, కాని ముందుముందు ఆధారంగా పనికిరాదు. అప్పీలుకూ 60 రోజులే. చివరి అధికారి నిర్ణయం తరువాత బోర్డుకు వెళ్లడానికి తొమ్మిది నెలలు ఉంటాయి. మీ స్థానిక ఒప్పందంలో ఈ గడువులు మారాయేమో లోకల్ చైర్మన్‌ను అడగండి. కొనసాగుతున్న ఉల్లంఘనపై ఎప్పుడైనా క్లెయిమ్ వేయవచ్చునని అదే నియమం అంటుంది, అయితే డబ్బు మాత్రం వెనక్కి 60 రోజులకు మించి రాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉద్యోగం రద్దు కావడం ఒకేసారి జరిగిన ఘటన అనీ, గడువు ఆ రోజు నుంచే నడుస్తుందనీ చెప్పిన తీర్పులు చాలా ఉన్నాయి. కాబట్టి రద్దు నోటీసు మీద ఉన్న తేదీని ఈరోజే చూసుకోండి. అరవై రోజులు దాటకపోయి ఉంటే, రుజువులన్నీ చేతికి వచ్చేదాకా ఆగకుండా ముందు క్లెయిమ్ వేయించండి, మిగిలిన కాగితాలు అప్పీలు దశలో జతచేయవచ్చు.