ఫొటో ప్రింటర్‌ కొనాలా, బంగారం లోను తగ్గించుకోవాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మావారి జీతం 38 వేలు. పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ ఫోన్‌లోనే ఉండిపోయాయి. నెలకు పదిహేను చొప్పున ఇంట్లోనే ప్రింట్‌ తీసి ఆల్బమ్‌ చేయాలని ఆశ. ల్యాబ్‌లో 4×6 ఫొటోకి 12 రూపాయలు తీసుకుంటున్నారు. షాపులో ఆరు రంగుల ఇంక్‌ట్యాంక్‌ ప్రింటర్‌ (సీసాతో సిరా నింపుకునేది) 24 వేలన్నారు, నో కాస్ట్‌ ఈఎంఐ (వడ్డీ లేని వాయిదాలు) ఉందట. ఫొటోకి సిరా ఖర్చు 2 రూపాయలేనట. చీటీ డబ్బు 24 వేలు చేతిలో ఉంది. బ్యాంకులో 9 శాతం వడ్డీకి 60 వేల బంగారం లోను కూడా నడుస్తోంది. కొనమంటారా?

జవాబు: అమ్మా, ఇప్పుడు వద్దు. ఆల్బమ్‌ మాత్రం తప్పకుండా చేయండి. ఫోన్‌ పోతే పిల్లల బాల్యం మళ్లీ దొరకదు.

షాపతను సిరా లెక్క చెప్పి పేపరు సంగతి వదిలేశాడు. 4×6 గ్లాసీ పేపరు 20 షీట్ల పాకెట్‌ 100 రూపాయలనుకున్నా షీటుకు 5 పడుతుంది. సిరాతో కలిపి 7. ల్యాబ్‌తో పోలిస్తే ఫొటోకి మిగిలేది 5 రూపాయలు. ఏడాదికి 180 ఫొటోలంటే 900. పెట్టిన 24 వేలు తిరిగి రావడానికి 26 ఏళ్లు దాటుతుంది. అన్నేళ్లు పనిచేసే ప్రింటర్‌ని నేను చూడలేదు.

అదే 24 వేలు బంగారం లోను అసలుకు కట్టి చూడండి. 9 శాతం లెక్కన ఏడాదికి 2,160 రూపాయల వడ్డీ తగ్గుతుంది. 180 ఫొటోలకు ల్యాబ్‌ తీసుకునేదీ సరిగ్గా 2,160 రూపాయలే! తగ్గిన వడ్డీతోనే మీ ఆల్బమ్‌ తయారవుతుంది, నగ ఇంటికి రావడమూ దగ్గరపడుతుంది. కట్టేటప్పుడు పేరుకున్న వడ్డీ ఎంతో ముందే అడగండి. బ్యాంకు మొదట దాన్ని మినహాయించుకుని మిగిలిందే అసలుకు జమ చేస్తుంది.

ఈఎంఐ పేరు చూసి మెత్తబడకండి. క్రెడిట్‌ కార్డు బాకీలపై ‘సున్నా వడ్డీ’ పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్‌ ఫీజు రూపంలో దాస్తున్నారని 2013లోనే రిజర్వ్‌ బ్యాంక్‌ తప్పుపట్టింది. ఇప్పుడు వడ్డీ మేరకు ధరలో తగ్గింపు చూపిస్తారు గానీ, కార్డు మీద ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ పడుతుంది, ఫీజు వేరే. ‘మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు?’ అని అడిగి చూడండి, తేడా బయటపడుతుంది.

ఇంకో ఖర్చు ఎవరూ చెప్పరు. ఇలా సిరా చిమ్మే ఇంక్‌జెట్‌ ప్రింటర్‌ని ఊరికే ఉంచితే పాడవుతుంది. ఒక వేసవిలో మేం రెండు నెలలు ఊళ్లో ఉండి వచ్చి మా అమ్మ ఫొటో ప్రింట్‌ తీశాం. ఆకుపచ్చ పట్టుచీర మీద అడ్డంగా తెల్లటి గీతలు. సిరా చిమ్మే భాగం, అంటే హెడ్‌లో సిరా ఎండిపోయింది. నాలుగుసార్లు హెడ్‌ క్లీనింగ్‌ చేశాక గీతలు పోయాయి, ట్యాంకుల్లో సిరా మట్టం మాత్రం కళ్లకు కనిపించేంత దిగింది. క్లీనింగ్‌లో కారిన సిరా అడుగున ఉండే ప్యాడ్‌లోకి పోతుంది. అది నిండితే సర్వీసు ఖర్చు. వారానికి ఒక రంగుల పేజీ అయినా తీయాలి. నెలకోసారి పదిహేను ఫొటోలు తీసే ఇంట్లో అది జరగదు.

ఇదంతా విని అదే షాపులో ఐదు వేల కార్ట్రిడ్జ్‌ (మార్చుకునే సిరా డబ్బీ) ప్రింటర్‌ చూపిస్తారేమో, దాని జోలికి అసలే వెళ్లొద్దు. ట్యాంకు ప్రింటర్‌ సీసాలో 70 మిల్లీలీటర్ల దాకా సిరా వస్తుంది. చిన్న కార్ట్రిడ్జ్‌లు చాలావాటిలో పది కూడా ఉండదు. రెండు మూడుసార్లు మార్చేసరికి ప్రింటర్‌ ధర దాటిపోవచ్చు.

ఆరు రంగుల యంత్రం మంచిదే, కాదనను. లేత నీలం, లేత మెజెంటా అదనంగా ఉండటం వల్ల ముఖం రంగు, ఆకాశం నునుపుగా వస్తాయి. పాస్‌పోర్టు ఫొటోలు తీసి సంపాదించే ఆలోచన ఎప్పుడైనా వస్తే (4×6 షీటులో ఎనిమిది పడతాయి) ముందు మూడు నెలలు ల్యాబ్‌లోనే వేయించి ఇవ్వండి. ఎంతమంది వస్తారో తేలాక ప్రింటర్‌ సంగతి చూద్దాం.

ఈ నెల పదిహేను ఫొటోలు ఎంచుకోండి. 4×6 స్పష్టంగా రావాలంటే 1200×1800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు కుదించేస్తుంది కాబట్టి ల్యాబ్‌కి డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. చేతికొచ్చాక వెనకాల మెత్తటి పెన్సిల్‌తో తేదీ, ఊరు రాయండి.