చోటు నిండిన పిల్లల ల్యాప్‌టాప్‌ను టెర్మినల్‌తో ఖాళీ చేయవచ్చా?

ప్రశ్న: ‘వన్ ల్యాప్‌టాప్ పర్ చైల్డ్’ పథకం కింద వచ్చిన ఎక్స్‌ఓ-1 ల్యాప్‌టాప్ మా పదకొండేళ్ల అబ్బాయి వాడుతున్నాడు. ఈమధ్య గీసిన బొమ్మ దాచుకోబోతే చోటు లేదంటోంది. టెర్మినల్ (ఆదేశాలను టైపు చేసే కిటికీ) తెరిచి ‘ఆర్ఎం’ ఆదేశంతో పాతవన్నీ చెరిపేస్తానని వాడు పట్టుబడుతున్నాడు. చేయనివ్వవచ్చా?

జవాబు: టెర్మినల్ తెరవనివ్వండి, ‘ఆర్ఎం’ మాత్రం ఇప్పుడే వద్దు. 2007లో పెద్ద ఎత్తున తయారీ మొదలైన ఈ యంత్రంలో శాశ్వతంగా దాచుకోవడానికి ఉన్నది 1 గిగాబైటే. ఫెడోరా ఆధారిత లైనక్స్ నిర్వహణ వ్యవస్థ, పిల్లలకు కనిపించే షుగర్ తెర, యాక్టివిటీలనే ప్రోగ్రాములు, మీవాడి బొమ్మలు అన్నీ అందులోనే ఇమడాలి. అది పూర్తిగా నిండితే యంత్రం సరిగా మొదలవకుండా మొరాయించే ప్రమాదం కూడా ఉంది కనుక మీవాడి తొందర అర్థం లేనిదేమీ కాదు.

ముందుగా చూడడం నేర్పండి, చెరపడం తరువాత. ‘డీఎఫ్’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీతతో హెచ్ అక్షరం చేర్చి ఎంటర్ నొక్కితే ఎంత నిండిందో, ఎంత మిగిలిందో కనిపిస్తుంది. ఈ యంత్రం సమాచారాన్ని కుదించి దాస్తుంది కాబట్టి మిగిలిన చోటు లెక్కను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. ఆపైన ‘సీడీ’ ఆదేశంతో యాక్టివిటీల సంచయంలోకి (ఫోల్డర్‌లోకి) వెళ్లి ‘డీయూ’ ఆదేశాన్ని నడిపిస్తే ఏ యాక్టివిటీ ఎంత చోటు ఆక్రమించిందో తెలుస్తుంది. ఎప్పుడూ తెరవని యాక్టివిటీ ఒక్కటి తీసేస్తే, పదుల కొద్దీ బొమ్మలు చెరిపినా రానంత చోటు రావచ్చు. దానిని తీసేయడానికి టెర్మినల్ అక్కరలేదు, షుగర్‌లోని యాక్టివిటీల జాబితాలోనే ఆ వీలుంది.

ఇక అసలు చిక్కు మీవాడి బొమ్మల దగ్గరే ఉంది. షుగర్‌లో పిల్లలు చేసిన పనులన్నీ జర్నల్‌లో చేరతాయి. జర్నల్‌లో వాడు పెట్టిన పేరు కనిపిస్తుంది గాని, లోపల అదే పని డేటాస్టోర్ అనే చోట అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడవాటి పేరుతో ఉంటుంది. ఆ పేరు చూసి ఏది ఇల్లో, ఏది ఏనుగో పెద్దవాళ్లం మనమూ చెప్పలేము. పైగా జర్నల్ చూపే జాబితా కోసం ఒక సూచిక విడిగా ఉంటుంది. దస్త్రాన్ని ‘ఆర్ఎం’తో తీసేసినప్పుడు ఆ సంగతి సూచికకు తెలియదు కాబట్టి రెండింటికీ పొంతన తప్పుతుంది. ‘ఆర్ఎం’ చెరిపినదాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి చెత్తబుట్ట వంటిది కూడా ఏదీ లేదు. అందుచేత ఉంచుకోదగిన పనులను జర్నల్ నుంచే యూఎస్‌బీ డ్రైవ్‌లోకి నకలు చేసి, అవి అక్కడ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, తరువాత జర్నల్‌లోనే చెరపండి.

టెర్మినల్‌లో మీవాడు ఉండేది ‘ఓఎల్‌పీసీ’ అనే మామూలు వాడుకరిగా. ఆ హోదాలో వ్యవస్థ దస్త్రాల జోలికి పోలేడు గాని తన సొంత పనులను మాత్రం నిక్షేపంగా పోగొట్టుకోగలడు. ఈ యంత్రాల్లో రూట్ అధికారం, అంటే వ్యవస్థ దస్త్రాలనూ మార్చగల పూర్తి అధికారం, సాధారణంగా సంకేతపదం అడగకుండానే దొరుకుతుంది కనుక, దాన్ని ఇచ్చే ‘సుడో’ ఆదేశం కొట్టే ముందు పక్కన మీరో, తెలిసినవారో ఉండాలన్న నియమం పెట్టండి.

ప్రశ్న: సంచయం కళ్లెదుటే ఉన్నా, దాని పేరు కొడితే టెర్మినల్ అలాంటిది లేదంటోంది. ఎందుకు?

జవాబు: లైనక్స్ ఇంగ్లీషు పెద్ద అక్షరాన్నీ చిన్న అక్షరాన్నీ వేర్వేరుగా లెక్కిస్తుంది. యాక్టివిటీల సంచయం పేరు పెద్ద ‘ఏ’తో మొదలవుతుంది, మీరు చిన్నది కొట్టి ఉంటారు. మొదటి రెండు మూడు అక్షరాలు సరిగా కొట్టి ట్యాబ్ మీట నొక్కండి, మిగతా పేరును టెర్మినలే పూరిస్తుంది.