జువాలజీ చదువుతూ బొమ్మలు వేసే అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో జువాలజీ చదువుతోంది, రెండో సంవత్సరం. మార్కులు ఫర్వాలేదు కానీ ధ్యాసంతా బొమ్మల మీదే. క్లాసులో సగం మంది ల్యాబ్ రికార్డు బొమ్మలు తనతోనే వేయించుకుంటారు. ఇప్పుడు డిగ్రీ మానేసి యానిమేషన్‌లో చేరతానంటోంది. నేను వద్దంటున్నాను. ఇంట్లో రోజూ ఇదే గొడవ. తనకి ఎలా నచ్చజెప్పాలి?
- ఒక తండ్రి

జవాబు: నచ్చజెప్పే పని కాసేపు పక్కన పెట్టండి. డిగ్రీ మానొద్దనడంలో మీ మాట సరైనదే. బొమ్మలు వదలననడంలో అమ్మాయి మాటా సరైనదే. జువాలజీ తెలిసినవాళ్లు బోలెడుమంది, బొమ్మలు బాగా వేసేవాళ్లూ బోలెడుమంది. రెండూ ఒకే మనిషికి రావడం అరుదు. ఆ అరుదైనవాళ్ల కోసమే ఒక వృత్తి ఉంది. సైంటిఫిక్ ఇలస్ట్రేషన్ అంటారు, వైద్యం వైపు వెళితే మెడికల్ ఇలస్ట్రేషన్. పాఠ్యపుస్తకాలు, పరిశోధన పత్రాలు, మ్యూజియం బోర్డులు, ఆపరేషన్ గురించి రోగికి వివరించే వీడియోలు... వీటన్నిటి వెనకా వాళ్లే ఉంటారు. కెరీర్ గైడెన్స్ పుస్తకాల్లో దీనికి అరపేజీ దొరకడం కూడా కష్టమే, మీరు వినకపోవడంలో వింత లేదు.

మీలాగే పట్టుబట్టిన ఒక తండ్రి సంగతి చెబుతాను. స్పెయిన్‌లో శాంతియాగో రామోన్ ఇ కహాల్ అనే కుర్రాడు చిత్రకారుడిని అవుతానని మొండికేశాడు. వాళ్ల నాన్న వైద్యుడు, ఆయనకి బొమ్మలంటే గిట్టదు. కొడుకుని దారికి తేవాలని క్షవరం చేసేచోట, చెప్పులు కుట్టేచోట పనికి కూడా పెట్టాడు. అవేవీ పారలేదు. చివరికి శ్మశానానికి తీసుకెళ్లి ఎముకలు చూపించి పాఠం మొదలుపెట్టాడు. కుర్రాడికి అవి గీయడానికి కొత్త వస్తువులయ్యాయి! అలా గీస్తూ గీస్తూనే వైద్యంలోకి వచ్చాడు. తర్వాత మైక్రోస్కోపులో చూసి ఆయన వేసిన నాడీకణాల బొమ్మలు మెదడు గురించిన అవగాహననే మార్చేశాయి. 1906లో ఇటలీ శాస్త్రవేత్త గోల్జీతో కలిసి నోబెల్ అందుకున్నాడు.

అమెరికాలో ఫ్రాంక్ నెటర్‌ది దీనికి తిరగేసిన దారి. ముందు ఆర్ట్ చదివి, ఇంట్లోవాళ్ల కోరిక మీద డాక్టరయ్యాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో ప్రాక్టీసు కంటే మందుల కంపెనీలకు వేసిన బొమ్మలే ఎక్కువ సంపాదించిపెట్టాయి. ప్రాక్టీసు మానేశాడు. 1989లో వచ్చిన ఆయన అనాటమీ అట్లాస్‌ని (శరీర నిర్మాణాన్ని బొమ్మల్లో చూపే పుస్తకం) మెడికల్ విద్యార్థులు ఈనాటికీ వాడుతున్నారు.

వీళ్లిద్దరూ ఈ పనిని లక్ష్యంగా పెట్టుకుని బయలుదేరినవాళ్లు కాదు. అలాగని అంతా అదృష్టమనీ అనలేం. ఇష్టం లేకుండా మొదలుపెట్టిన చదువే ఇష్టమైన పనికి అక్కరకొచ్చింది.

ఇక అసలు పని ఎలా ఉంటుందో చెబుతాను, మోజు తేలేది ఇక్కడే. ఈ పనిలో ‘అందంగా ఉంది’ అన్న మెప్పు చాలదు. కీటకం కాలికి ఎన్ని ఖండాలుంటే అన్నీ ఉండాలి. రెక్కలో ఈనె ఎక్కడ చీలుతుందో బొమ్మలోనూ అక్కడే చీలాలి. వెలుగు ఎడమవైపు పైనుంచి పడుతున్నట్టు వేయడం ఆనవాయితీ. అప్పుడు ఏది గుంటో ఏది ఉబ్బో చూసేవాళ్లు తికమకపడరు. నలుపు తెలుపు బొమ్మల్లో నీడ కోసం పెన్సిల్ రుద్దరు, సన్నటి ఇంక్ పెన్నుతో చుక్కలు పెడతారు. నీడ చిక్కబడాలంటే చుక్కలు దగ్గరవ్వాలి. అచ్చులో రుద్దిన బూడిద రంగు సరిగా రాదు కాబట్టి పుట్టిన పద్ధతి ఇది. పక్కన అసలు సైజు తెలిపే కొలత గీత లేకపోతే, ఎంత బాగా వేసినా పరిశోధన పత్రంలో అది పనికిరాదు. ఒక్క పురుగు కోసం గంటల తరబడి చుక్కలు పెట్టే ఓపిక అమ్మాయికి ఉందా? వాదనతో తేలే విషయం కాదిది. సెలవుల్లో ఒకటి పూర్తిగా వేయమనండి. మెడ నొప్పి పుట్టినా రెండోది మొదలుపెట్టిందంటే మీరిక వాదించక్కర్లేదు.

కాలేజీలో పరిశోధన చేసే లెక్చరర్ ఎవరైనా ఉంటే, వాళ్ల పేపర్‌కి ఒక బొమ్మ వేసిస్తానని అడగమనండి. పరిశోధన సారాన్ని ఒకే బొమ్మలో చూపించమని ఇప్పుడు చాలా జర్నళ్లు అడుగుతున్నాయి, బొమ్మలు రాని సైంటిస్టులకి అదో టెన్షన్. పేపర్‌లో తన పేరు వేస్తారా, డబ్బేమైనా ఇస్తారా అన్నది మాత్రం ముందే మాట్లాడుకోవాలి. మొహమాటపడితే రికార్డు బొమ్మల్లాగే ఇవీ ఊరికే పోతాయి. సాఫ్ట్‌వేర్‌కి ఖర్చు పెట్టకండి. ఇంక్‌స్కేప్, క్రీటా, బ్లెండర్ ఉచితంగా దొరుకుతాయి. పోర్ట్‌ఫోలియోలో, అంటే తన పనితనం చూపించే బొమ్మల కట్టలో, సగం సగం స్కెచ్‌లు కుప్పగా పెట్టేకంటే, పూర్తి చేసినవి కొన్నే ఉన్నా మేలు.

డబ్బు సంగతి దాచను. నెల జీతం వచ్చే ఉద్యోగాలు తక్కువ, ఫ్రీలాన్స్ పనే ఎక్కువ. ఒక నెల ఊపిరాడదు, ఇంకో నెల ఖాళీ. మొదట్లో పక్కన ఇంకో ఆదాయం ఉండాల్సిందే. ఏఐ వచ్చాక ఈ పని మిగులుతుందా అని కూడా అడుగుతారు. మామూలు అలంకరణ బొమ్మలకి దెబ్బ తగులుతోంది, నిజమే. కానీ 2024 ఫిబ్రవరిలో ఒక సైన్స్ జర్నల్‌లో ఏఐ గీసిన ఎలుక బొమ్మ అచ్చయింది. అవయవాలు అసంభవమైన సైజులో, లేబుళ్లు అర్థంలేని అక్షరాలతో! అందరూ నవ్వాక కొద్దిరోజుల్లోనే ఆ పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. తప్పు పట్టగలిగే కన్ను కావాలి, ఆ కన్నుని ఇచ్చేది జువాలజీ చదువే.

యానిమేషన్ కోరిక కూడా కొట్టిపారేయకండి, డిగ్రీ అయ్యాక నేర్చుకోవచ్చు. కణంలో ప్రోటీన్లు ఎలా కదులుతాయో చూపించే త్రీడీ యానిమేషన్‌కి బయాలజీ తెలిసినవాళ్లే కావాలి. మెడికల్ ఇలస్ట్రేషన్‌లో పీజీ చెప్పే యూనివర్సిటీలు కొన్నే ఉన్నాయి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో ఆ విభాగం 1911 నుంచి నడుస్తోంది. ఇలాంటి కోర్సుల్లో చేరాలంటే బొమ్మల పోర్ట్‌ఫోలియోతో పాటు డిగ్రీ, అందులో బయాలజీ సబ్జెక్టులు అడుగుతారు. మధ్యలో మానేస్తే ఆ అవకాశం పోతుందని అమ్మాయికి చెప్పండి. ‘డిగ్రీ లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు’ అని మాత్రం అనకండి.